నాన్నగారి బయాప్సీలో ఏమీ తేలలేదు, తర్వాతి పరీక్షకు తేదీ దొరకడం లేదు

పెద్దమ్మాయి

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి డెబ్బై దాటాయి. దగ్గు ఎంతకీ తగ్గకపోవడం, మనిషి చిక్కిపోతూ ఉండటం చూసి ముందు ఛాతీ ఎక్స్‌రే, ఆ వెంటనే సీటీ స్కాన్ తీయించాం. కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒక గడ్డ ఉందని, రెండు ఊపిరితిత్తుల నడుమ లింఫు గ్రంథులు ఉబ్బి ఉన్నాయని రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కావచ్చు, క్షయ కూడా కావచ్చు, ముక్క తీసి చూస్తే గాని చెప్పలేమన్నారు. సీటీలో చూసుకుంటూ సూదితో ముక్క తీశారు. ఆ ఫలితం కోసం ఇంటిల్లిపాదీ ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చుంటే, అందులో చచ్చిన కణజాలం, వాపు కణాలు మాత్రమే ఉన్నాయని, క్యాన్సర్ కణాలు కనబడలేదని, నిర్ధారణకు ఈ నమూనా చాలదని రాశారు.

తర్వాత చేసిన పెట్ సీటీలో గడ్డా, గ్రంథులూ రెండూ వెలిగాయి. ఇప్పుడు ఈబస్ (శ్వాసనాళం గుండా వెళ్ళి గ్రంథుల నుంచి నమూనా తీసే పరీక్ష) చేయాలంటున్నారు. కానీ నాన్నగారికి గుండెలో స్టెంటు ఉంది, రక్తం పలచబడటానికి క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. ఆ మాత్ర ఆపడానికి గుండె డాక్టరు అనుమతి ఇవ్వాలి. ఆయన సెలవులో ఉన్నారు. అనుమతి వచ్చాకే ఈబస్‌కు తేదీ ఇస్తామని ఊపిరితిత్తుల విభాగం వారు చెబుతున్నారు. మొదటి సీటీ నాటి నుంచి చూస్తే నెల దాటింది. జబ్బేమిటో తెలిస్తే దానితో పోరాడవచ్చు గాని, పేరే లేనిదానితో ఎలా వేగాలో తెలియడం లేదు.

ఈ ఆలస్యంతో పరిస్థితి చేయి దాటిపోతుందా అన్నది నా మొదటి భయం. నాన్నగారికి ఎంతవరకు చెప్పాలన్నది రెండోది. అమ్మ మాత్రం ‘క్యాన్సర్’ అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదని ఒట్టు వేయించుకుంది. మీలో ఈ దారిలో నడిచినవారు ఉంటే దయచేసి చెప్పండి.

గాజుపలక

పెద్దమ్మాయి గారూ, నేను చాలా ఏళ్ళు హిస్టోపాథాలజీ ల్యాబులో, అంటే బయాప్సీ ముక్కలను పరీక్షించే చోట, టెక్నీషియనుగా పనిచేసి రిటైరయ్యాను. డాక్టరును కాను కనుక మీ నాన్నగారి జబ్బు ఏమిటన్నది నేను చెప్పకూడదు. ‘నమూనా చాలదు’ అనే రిపోర్టు ఎలా పుడుతుందో మాత్రం దగ్గరి నుంచి చూసినవాణ్ణి.

గడ్డ వేగంగా పెరిగినప్పుడు దాని నడిమి భాగానికి రక్తం అందక అక్కడి కణాలు చచ్చిపోతాయి. క్షయలో కూడా మధ్యభాగం అలాగే చచ్చిపోతుంది. సూది సరిగ్గా ఆ చోటికే వెళ్తే, అద్దం మీద ఎంత వెతికినా గులాబీ రంగు మరక తప్ప ఆనవాలు పట్టదగిన కణం ఒక్కటీ కనబడదు. కాబట్టి మీకు వచ్చిన రిపోర్టు క్యాన్సర్ వైపూ మొగ్గదు, క్షయ వైపూ మొగ్గదు. ‘క్యాన్సర్ కణాలు కనబడలేదు’ అన్న వాక్యం చూసి ఇక ఈబస్ ఎందుకని మాత్రం ఎవరూ అనుకోకండి. చూడటానికి బతికిన కణాలే లేనప్పుడు ఆ వాక్యానికి ఉన్న బలం చాలా తక్కువ.

ఈబస్ అంటే గొంతు గుండా శ్వాసనాళంలోకి సన్నని గొట్టం పంపి, దాని కొనకు ఉన్న అల్ట్రాసౌండ్‌తో గ్రంథులను చూస్తూ నాళం గోడ లోపలి నుంచే సూదితో నమూనా తీయడం. మత్తు ఇచ్చి చేస్తారు, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్ళిపోతారు. తేదీ వచ్చేలోగా మీరు డాక్టరు గారిని కొన్ని సంగతులు అడిగి ఉంచుకోవడం మంచిది. సూది పెట్టే సమయంలో పాథాలజిస్టు గాని, సైటాలజీ టెక్నీషియను గాని పక్కనే ఉండి, తీసిన నమూనాను అక్కడికక్కడే రంగు వేసి చూసి, పనికొచ్చే కణాలు పడ్డాయో లేదో చెప్పే ఏర్పాటు ఉందా? దీన్ని ‘రోజ్’ అంటారు. అన్ని చోట్లా ఉండదు. లేనిచోట మరికొన్నిసార్లు సూది పెట్టి ఎక్కువ నమూనా తీయడం ద్వారా ఆ లోటు పూడ్చుకుంటారు.

ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది అడగరు. తీసిన నమూనా అంతటినీ, ముక్క చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేసేస్తే అందులోని క్రిములన్నీ చచ్చిపోతాయి, ఇక క్షయ కల్చర్ (క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేయడానికి వీలుండదు. క్షయ అనుమానం కూడా ఉంది కాబట్టి కొంత భాగాన్ని ఫార్మలిన్ తగలకుండా సెలైన్‌లో విడిగా పంపాలి. దానిమీద చేసే జీన్ పరీక్షకు (క్షయ క్రిమి జన్యువును వెతికేది) యంత్రంలో పెట్టాక రెండు గంటల వ్యవధి చాలు. కల్చర్‌లో క్రిమి లేదని తేల్చడానికి మాత్రం ఆరు వారాల దాకా ఆగుతారు. ఆ సెలైన్ సీసా పంపడం మరచిపోతే మూడోసారి సూది పెట్టాల్సి రావచ్చు.

సూటిగా

అందరూ మర్యాదగా మాట్లాడుతున్నారు గాని, నాకైతే ఇది వింటుంటే ఒళ్ళు మండుతోంది. ఒక డాక్టరు సెలవులో ఉంటే రోగి ఊపిరితిత్తిలో గడ్డ కూడా సెలవు తీసుకుంటుందా? 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. 34 అధ్యయనాలను, 12 లక్షలకు పైబడిన రోగుల వివరాలను కలిపి చూసి, క్యాన్సర్ చికిత్స నాలుగు వారాలు ఆలస్యమైనా మరణ ముప్పు పెరుగుతుందని తేల్చారు. మీరు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు అదే. రేపే వెళ్ళి గట్టిగా అడగండి, కదలకపోతే ఆసుపత్రి మార్చండి.

రాత్రి_డ్యూటీ

సూటిగా గారూ, మీ కోపం న్యాయమైనదే. ఆ సమీక్ష గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. అందులో లెక్కించింది ప్రధానంగా చికిత్స మొదలుకావడంలో జరిగిన ఆలస్యాన్ని, అదీ క్యాన్సర్ అని తేలినవారిలో. పెద్దమ్మాయి గారి నాన్నగారికి ఇంకా ఏదీ తేలలేదు. దాన్ని చూపించి ఆమెను హడలగొట్టడం కన్నా, ఈ నెలలో ఏ రోజులు తప్పనిసరిగా పట్టేవి, ఏ రోజులు వృథాగా పోయినవి అని విడదీసి చూడటం ఉపయోగం.

నేను ఆంకాలజీ వార్డులో నర్సును. నేను చూసినంతలో ఆలస్యం రెండు రకాలు. మొదటిది పనిలోనే ఇమిడి ఉన్నది. ముక్క ఫార్మలిన్‌లో నానాలి, మైనపు దిమ్మెగా మారాలి, పలచటి పొరలుగా కోయాలి, రంగు వేయాలి, అనుమానం ఉంటే కణాలు ఏ రకమో గుర్తించే ఐహెచ్‌సీ అనే అదనపు పరీక్ష చేయాలి. దీన్ని ఎంత మొరపెట్టుకున్నా కుదించలేం, కుదిస్తే రిపోర్టే చెడుతుంది. రెండోది కాగితం ఒక బల్ల మీద ఆగిపోవడం వల్ల వచ్చేది. ఎవరో ఫోను చేస్తారని ఇంకొకరు అనుకుంటారు, ఆ ఇంకొకరు ఉత్తరం వస్తుందని ఎదురుచూస్తూ ఉంటారు. ఈ రెండోదాన్నే మనం కదిలించగలం. గుండె డాక్టరు అనుమతి కోసం ఆగడం అచ్చంగా అలాంటిదే.

అనుమతి ఆ ఒక్క డాక్టరు గారే ఇవ్వాలని ఉండదు. ఆయన సెలవులో ఉన్నప్పుడు ఆయన రోగులను చూసే డాక్టరు ఒకరు ఉంటారు, వారి దగ్గరికి స్టెంటు వేసిన నాటి డిశ్చార్జి సమ్మరీ, ఇటీవలి ఈసీజీ, ఎకో పట్టుకుని వెళ్ళండి. స్టెంటు వేసి ఎంతకాలమైంది, అది మందు పూసిన రకమా కాదా అన్నవి వారు మొదట అడుగుతారు. ఇలాంటి పరీక్షకు క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపుతారు, ఆస్పిరిన్‌ను చాలాసార్లు కొనసాగనిస్తారు. స్టెంటు కొత్తదైతే మాత్ర ఆపడం ప్రమాదం కాబట్టి వేరే ఏర్పాటు ఆలోచిస్తారు. త్వరగా కావాలనే ఆదుర్దాలో దయచేసి మీ అంతట మీరు ఆ మాత్ర ఆపకండి. స్టెంటు మూసుకుపోతే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

ఈబస్ తేదీని అనుమతి వచ్చాకే ఇస్తామన్నారు కదా. ‘ఆపే రోజులు కూడా లెక్కలోకి తీసుకుని ఫలానా తేదీన తాత్కాలికంగా రాసి ఉంచండి, అనుమతి రాకపోతే మేమే ముందుగా రద్దు చేసుకుంటాం’ అని అడిగి చూడండి. ఎవరైనా చివరి నిమిషంలో రాలేకపోతే ఫోను చేయమని కూడా చెప్పి ఉంచండి. అయితే మాత్ర ఆపిన రోజులు పూర్తికాకుండా ఖాళీ దొరికినా ప్రయోజనం ఉండదన్నది గుర్తుపెట్టుకోండి.

నిదానం

పెట్ సీటీలో వెలిగాయన్న మాట చదవగానే నా గుండె కూడా ఝల్లుమంది, ఎందుకంటే మా అమ్మ విషయంలో అదే జరిగింది. ఆ పరీక్షలో ఇచ్చేది కొద్దిపాటి రేడియోధార్మికత కలిసిన గ్లూకోజు లాంటి పదార్థం. చక్కెరను ఎక్కువగా వాడుకునే కణాలు ఎక్కడున్నా అక్కడ వెలుగుతుంది. క్యాన్సర్ కణాలు అలా వాడుకుంటాయి, క్షయతో పోరాడే కణాలూ వాడుకుంటాయి, సార్కాయిడోసిస్ అనే, క్యాన్సర్ కాని వాపు జబ్బులోనూ గ్రంథులు దివిటీల్లా వెలుగుతాయి. మా అమ్మకు చివరికి తేలింది సార్కాయిడోసిస్. ఆ వెలుగు ఎంతో చెప్పే ఎస్‌యూవీ అనే అంకె ఇంత కన్నా ఎక్కువ ఉంటే క్యాన్సరే అని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ అంకె నిర్ధారణ చేయదు. ముక్క ఎక్కడి నుంచి తీస్తే ఫలితం దక్కుతుందో చూపడంలో మాత్రం పెట్ చాలా పనికివస్తుంది.

ఒక చిన్న విషయం. సీటీ, పెట్ రెండింటికీ ఫిల్ములే కాకుండా డిస్కులు కూడా అడిగి తీసుకోండి. కాగితం మీద ముద్రించిన బొమ్మల్లో కొన్ని పొరలే ఉంటాయి, డిస్కులో అన్నీ ఉంటాయి. రెండో అభిప్రాయం చెప్పేవారు మొదట అడిగేది దానినే.

రెండోమాట

మా నాన్నగారిది లింఫోమా, అంటే లింఫు కణాల్లో పుట్టే క్యాన్సర్. గ్రంథులు ఉబ్బినవారందరికీ అది ఉంటుందని చెప్పడం నా ఉద్దేశం కాదు, కానీ ఆ అనుమానం వైద్యుల మనసులో ఉందేమో అడగమని మాత్రం చెబుతాను. లింఫోమాలో సన్నటి సూదితో లాగిన కణాలు చాలాసార్లు సరిపోవు. కణాలు ఒకదాని పక్కన ఒకటి ఎలా అమరి ఉన్నాయో చూడాలి గనుక వీలైనచోట మొత్తం గ్రంథినే తీసి పరీక్షిస్తారు. ఈబస్ తర్వాత కూడా తేలకపోతే ఏం చేస్తారన్నది ఇప్పుడే అడిగి పెట్టుకుంటే, ఆ రోజున మళ్ళీ మొదటి మెట్టు దగ్గర నిలబడరు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. నమూనా తీసేలోపు దగ్గుకు, ఆయాసానికి ఎవరైనా స్టెరాయిడ్లు రాస్తే, బయాప్సీ పెండింగులో ఉందని చెప్పి, ఊపిరితిత్తుల డాక్టరు గారిని అడగనిదే మొదలుపెట్టకండి. స్టెరాయిడ్లకు లింఫోమా కణాలు తాత్కాలికంగా కరిగిపోయి, తీసిన ముక్కలో ఆనవాలు చెరిగిపోవచ్చు. అలాగే లీవోఫ్లాక్ససిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్స్ క్షయ క్రిమిని కొంతమేర అణచివేసి, క్షయ బయటపడటాన్ని వాయిదా వేయగలవు. ఊపిరాడని స్థితి వస్తే వేరే సంగతి, అప్పుడు ప్రాణం కాపాడేదే ముందు.

నిర్వాహకులు

ఇక్కడ సభ్యులు చెబుతున్నవి అనుభవాలు, అవగాహన కోసం చెప్పే విషయాలు మాత్రమే. మందు ఆపడం, మార్చడం వంటి నిర్ణయాలు వైద్యులతో మాట్లాడకుండా తీసుకోవద్దని మనవి. మూలికా వైద్యం గురించి వచ్చిన ఒక సందేశాన్ని తొలగించాం.

పెద్దమ్మాయి

అందరికీ కృతజ్ఞతలు. గాజుపలక గారూ, సెలైన్ సీసా సంగతి ఇప్పటివరకు మాకు ఎవరూ చెప్పలేదు. మొదటిసారి తీసిన ముక్క మొత్తం ఫార్మలిన్‌లోకే వెళ్ళిందని ఈరోజు ఫోను చేసి తెలుసుకున్నాను.

నాన్నగారి గురించి చెప్పాలి. మేమందరం ఆయనకు ఏమీ తెలియదనే అనుకుంటున్నాం. నిన్న ఫైలు సర్దుతుంటే బయాప్సీ రిపోర్టులో ‘నెక్రోసిస్’ (కణజాలం చచ్చిపోవడం) అన్న మాట కింద పెన్సిలుతో గీత కనబడింది, పక్కన ఆయన దస్తూరీలో చిన్న ప్రశ్నార్థకం. పెట్ రిపోర్టులో రెండు పేరాలకు అలాగే గీతలున్నాయి. కాగితాలన్నీ తేదీల వరసలో పెట్టి, చిన్న క్లిప్పు తగిలించి ఉంచారు. అమ్మకు ఈ విషయం ఇంకా చెప్పలేదు. ఆయన అడగడం లేదు, మేము చెప్పడం లేదు, ఇంట్లో అందరం టీవీ చూస్తూ కూర్చుంటున్నాం. నేనిప్పుడు ఏం చేయాలి?

సూటిగా

చెప్పేయండి. ఆయన శరీరం, ఆయన కాగితం, ఆయన ప్రశ్న. ఇందులో ఆలోచించవలసింది ఏమీ లేదు.

నిదానం

నేను అంత సులువుగా అనలేను. మా అమ్మకు ‘క్యాన్సర్ కావచ్చు’ అని మొదటి వారంలోనే చెప్పాం. అది కాదని తేలేలోపు ఆమె సరిగా నిద్రపోలేదు, ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడలేదు, తన నగలు ఎవరికి ఏవో పంచే పనిలో పడింది. తేలని విషయాన్ని తేలనట్టుగా చెప్పడం వేరు, ఒక భయంకరమైన పేరు మనిషి చేతిలో పెట్టి మిగతాది తర్వాత చూద్దాం అనడం వేరు. చెప్పకూడదని నేను అనడం లేదు, ఏ మాటల్లో చెబుతారన్నది ముందే ఆలోచించుకోండి అంటున్నాను.

రాత్రి_డ్యూటీ

ఈ ప్రశ్నకు మా వార్డులో పాటించే ఒక పద్ధతి ఉంది. చేదు వార్త ఎలా చెప్పాలన్నదానిపై 2000లో ‘స్పైక్స్’ అనే ఆరు మెట్ల విధానాన్ని ప్రచురించారు, వైద్యులకు నర్సులకు ఇప్పటికీ దాన్ని నేర్పుతారు. అందులో చెప్పే మెట్టు కన్నా ముందు రెండు అడిగే మెట్లు ఉన్నాయి. రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగడం, ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడగడం. కుటుంబాలు ఎక్కువగా దాటేసేవి ఈ రెండే. ‘చెప్పాలా వద్దా’ అని మనలో మనం వాదించుకుంటాం గాని, ఆ పెద్దమనిషినే అడగాలని తోచదు.

మీ నాన్నగారు గీతలు గీసి, ప్రశ్నార్థకం పెట్టి ఉంచారంటే ఆయనకు తెలుసుకోవాలని ఉందనే నా అంచనా. ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని, ‘నాన్నగారూ, రిపోర్టులు మీరు చూసినట్టున్నారు, మీకు ఏమనిపించింది?’ అని అడగండి. తర్వాత మీరు మాట్లాడకుండా ఆగండి. ఆయన ‘అవన్నీ నువ్వే చూసుకో అమ్మా’ అంటే దాన్నీ గౌరవించండి, ఎప్పుడైనా అడగాలనిపిస్తే నేనున్నానని చెప్పండి. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి: గడ్డ ఉంది, అది ఏమిటో మొదటి పరీక్షలో తెలియలేదు, క్యాన్సర్ కావడానికి అవకాశం ఉంది, క్షయ కావడానికీ ఉంది, తెలుసుకోవడానికి ఇంకో పరీక్ష చేస్తున్నారు. ఏమీ కాదులే నాన్నా అని మాత్రం అనకండి. రేపు ఏదో ఒకటి అయితే, ఆ తర్వాత మీరు చెప్పే మంచి మాటలను కూడా ఆయన నమ్మరు.

అమ్మగారి ఒట్టు సంగతి కష్టమైనదే. ఆమెను పక్కన పెట్టి ఆయనతో మాట్లాడితే ఇంట్లో రెండో దాపరికం మొదలవుతుంది. ఆయన గీసిన గీతలను ముందు ఆమెకు చూపించండి. వాదన కన్నా ఆ పెన్సిలు గీతలు బాగా పనిచేస్తాయి.

ఎదురుచూసే రోజుల్లో తేదీ కోసం ఆగకూడని లక్షణాలను కూడా ఇక్కడే రాస్తున్నాను, ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. దగ్గితే జీరలుగా కాకుండా ఎక్కువగా రక్తం పడటం, ముఖం మెడ ఉబ్బి ఆయాసం రావడం, వెన్నునొప్పితో పాటు కాళ్ళు బలహీనపడటం లేదా మలమూత్రాల మీద అదుపు తప్పడం, విపరీతమైన దాహంతో మనిషి తికమకపడటం, ఉన్నట్టుండి ఊపిరాడకపోవడం. వీటిలో ఏది కనబడినా అపాయింట్‌మెంటు గురించి ఆలోచించకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. వెన్నుపాము నొక్కుకుపోతే గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

రెండోమాట

నాకు అప్పట్లో ఎవరూ చెప్పనిది ఇంకొకటి ఉంది. క్యాన్సర్ అని తేలితే ఏ చికిత్స ఇవ్వగలరన్నది రోగి ఓపిక మీద చాలా ఆధారపడుతుంది. ఈకాగ్ అని 0 నుంచి 5 వరకు అంకెలతో ఒక కొలత ఉంది. మనిషి తన పనులు తాను చేసుకుంటూ తిరుగుతున్నాడా, పగటిలో సగానికి పైగా మంచం మీదే ఉంటున్నాడా అన్నది చూసి ఆ అంకె వేస్తారు. అందుకే ఈ ఖాళీ రోజుల్లో ఆయన్ను ‘విశ్రాంతి తీసుకోండి’ అని మంచానికి అంటించకండి. నడవగలిగినంత నడిపించండి, బరువు వారానికోసారి చూసి రాసుకోండి, తగ్గుతుంటే డైటీషియన్‌ను ఇప్పుడే కలవండి. పొగతాగే అలవాటు ఉంటే మానడానికి సాయం అడగండి. ఈ పనులకు బయాప్సీ రిపోర్టుతో నిమిత్తం లేదు.

పెద్దమ్మాయి

నాన్నగారితో మాట్లాడాను. ముందు అమ్మకు కాగితాలు చూపించాను. చాలాసేపు ఆ గీతల వైపే చూసి, ‘అయితే ఈయన నా కోసమే ఊరుకున్నారన్నమాట’ అంది. సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. నేను అడిగిన మొదటి ప్రశ్నకే ఆయన, ‘రెండింటిలో ఏదో ఒకటి, అంతేగా. క్షయ అయితే మందులున్నాయి. రెండోదైతే ఏ దశో చెప్పాలి కదా, అది ఎప్పుడు చెబుతారు?’ అని అడిగారు. మేము ఆయనను దేని నుంచి కాపాడుతున్నామో నాకు అర్థం కాలేదు.

గుండె విభాగంలో సెలవులో ఉన్న డాక్టరు గారి బదులు చూస్తున్న డాక్టరు గారు స్టెంటు పాతదేనని చూసి, క్లోపిడోగ్రెల్ ఎప్పటి నుంచి ఆపాలో, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో కాగితం మీద రాసిచ్చారు. ఆస్పిరిన్ కొనసాగించమన్నారు. ఈబస్‌కు తేదీ వచ్చింది.

ఇప్పుడు మా తమ్ముడితో ఇబ్బంది. విదేశంలో ఉంటాడు. రోజూ రెండు మూడుసార్లు ఫోను చేసి, ఇంటర్నెట్లో చదివినవన్నీ చెప్పి, ఆసుపత్రికి నేరుగా మెయిళ్ళు పంపిస్తున్నాడు. అక్కడివారు నన్ను పిలిచి, ఇద్దరిలో ఎవరితో మాట్లాడాలో తేల్చుకోమన్నారు.

గాజుపలక

మీ నాన్నగారి ప్రశ్నకు ముందు జవాబు. దశ తేలాలంటే జబ్బు పేరు తెలియాలి, గడ్డ పరిమాణం తెలియాలి, గ్రంథుల్లోకి పాకిందో లేదో నమూనా ద్వారా రుజువు కావాలి, దూరపు అవయవాల సంగతి పెట్‌లో చూడాలి. ఈబస్‌లో గ్రంథుల నుంచి నమూనా తీస్తారు కాబట్టి పేరూ, దశలో ముఖ్యమైన భాగమూ ఒకే పరీక్షలో తెలిసే అవకాశం ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ అయితే తరచు మెదడు ఎంఆర్ఐ కూడా చేయిస్తారు. రిపోర్టు వచ్చాక దానికి తేదీ వెతుక్కోవడం కన్నా, ఎప్పుడు అవసరపడుతుందో ముందే అడిగి ఉంచండి.

అలాగే క్యాన్సర్ అని ప్రాథమికంగా తేలినా రిపోర్టు అక్కడితో ముగియదు. టీటీఎఫ్-1, పీ40 వంటి గుర్తులతో అది ఏ రకమో చూస్తారు. కొన్ని రకాల్లో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే వంటి జన్యు మార్పులను, పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను పరీక్షిస్తారు, జన్యు పరీక్షలకు రెండు మూడు వారాలు పట్టడం సాధారణం. ఆ ఫలితం మీదే కొందరికి కీమోథెరపీకి బదులు మాత్రలతో చికిత్స కుదురుతుంది కనుక ఆ ఆలస్యాన్ని భరించడంలో అర్థం ఉంది. తీసిన ముక్క చిన్నదైతే అనవసరపు పరీక్షలకు దాన్ని ఖర్చు చేయకుండా జన్యు పరీక్షకు మిగల్చమని డాక్టరు గారి ద్వారా ల్యాబుకు చెప్పించండి. రెండో అభిప్రాయం కావాలనుకుంటే స్లైడులూ, మైనపు దిమ్మె ఉత్తరంతో అడిగి తీసుకోవచ్చు. దిమ్మె చాలాసార్లు ఒక్కటే ఉంటుంది, దాన్ని పోగొడితే మళ్ళీ సూదే గతి. తీసుకున్నప్పుడు సంతకం చేసి, దానిమీది నంబరు రిపోర్టులోని నంబరుతో సరిపోయిందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, మైనం మెత్తబడుతుంది.

నిదానం

తమ్ముడి గురించి. మా అన్నయ్య కూడా దూరాన ఉండి అలాగే చేశాడు. దూరాన ఉన్నవారికి చేయడానికి పని లేకపోవడమే పెద్ద బాధ, అది ఫోన్ల రూపంలో బయటికి వస్తుంది. అతనికి ఒక పని అప్పగించండి. రిపోర్టులన్నీ స్కాన్ చేసి తేదీల వరసలో ఒకే ఫోల్డరులో పెట్టడం, బీమా కాగితాలు చూడటం, డాక్టరును అడగవలసిన ప్రశ్నలు రాసి పంపడం వంటివి. ఆసుపత్రితో మాట్లాడేది మీరొక్కరేనని, రోజూ రాత్రి ఒక సందేశం పెడతారని, విశేషం లేని రోజున ‘ఈరోజు ఏమీ లేదు’ అనైనా రాస్తారని మాట ఇవ్వండి. డాక్టరు గారిని కలిసేటప్పుడు వారి అనుమతితో తమ్ముణ్ణి స్పీకరు ఫోనులో ఉంచితే ఇంకా మంచిది.

సూటిగా

ఆలస్యం మీద నా అభిప్రాయం మారలేదు గాని, రాత్రి_డ్యూటీ గారు చెప్పినట్టు ఎవరి బల్ల మీద ఆగిందో కనిపెట్టడం అరవడం కన్నా త్వరగా పనిచేసిందని ఒప్పుకుంటున్నాను. ఒక్క మాట కలుపుతాను. ఫోనులో ఎవరితో మాట్లాడారో, ఏ తేదీన ఏమన్నారో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ‘చెబుతాం’ అన్నవారిని ‘ఏ రోజుకల్లా?’ అని అడగండి, ఆ రోజు దాటితే ఎవరికి ఫోను చేయాలో కూడా అడగండి. తేదీ చెప్పి వెనక్కి తిరిగివచ్చే మనిషిని ఆఫీసులు అంత తేలిగ్గా మరచిపోవు.

పెద్దమ్మాయి

ఈబస్ అయింది. నాన్నగారు అదే సాయంత్రం ఇంటికి వచ్చారు, గొంతు మంట తప్ప వేరే ఇబ్బంది లేదు. మా ఆసుపత్రిలో ‘రోజ్’ సదుపాయం ఉంది. రెండు గ్రంథుల నుంచి తీసిన నమూనాలు అక్కడికక్కడే చూసి సరిపోతాయన్నారు. సెలైన్ సీసా గురించి అడిగితే డాక్టరు గారు నవ్వి, ‘ఈ ప్రశ్న మీకెవరు చెప్పారు?’ అన్నారు. విడిగా పంపారు. జీన్ పరీక్షలో క్షయ కనబడలేదు, కల్చర్ ఇంకా నడుస్తోంది. తీసినవాటిలో అనుమానాస్పదమైన కణాలు ఉన్నాయని, ఐహెచ్‌సీ అయ్యాకే పేరు చెబుతామని అన్నారు. ఆ రిపోర్టు ఏ రోజుకల్లా వస్తుందో అడిగి రాసుకున్నాను. దాని మరునాటికి ఆంకాలజిస్టు అపాయింట్‌మెంటు కూడా ముందే తీసుకున్నాం. నాన్నగారు తన ప్రశ్నలు తానే రాసుకుంటున్నారు, మొదటిది దశ గురించి.

రాత్రి_డ్యూటీ

మంచి పని చేశారు. క్లోపిడోగ్రెల్ మళ్ళీ మొదలుపెట్టారా? పరీక్ష గడిచిన సంబరంలో చాలామంది మరచిపోయేది అదే.

పెద్దమ్మాయి

మొదలుపెట్టామండీ. గుండె డాక్టరు గారు రాసిచ్చిన కాగితం ప్రకారం, రక్తం పడటం లేదని ఈబస్ చేసిన డాక్టరు గారితో రూఢి చేసుకుని మరునాడు ఉదయం వేశాం.